ఇంజన్ ఆగిన విమానం దగ్గర ఇంకా భయమెందుకు?

ప్రశ్న వేసినవారు గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో, అంటే నేల మీద విమానం పనులు చూసే విభాగంలో, కొత్తగా చేరారు. వారి మాటల సారాంశం ఇది: "విమానం గేటు దగ్గరకు వచ్చి ఆగింది. ఇంజన్లు ఆపేశారు. ప్రయాణికులు దిగిపోతున్నారు. ఇక దానితో ప్రమాదం ఏముంటుంది? శిక్షణలో సగం రోజులు భద్రత పాఠాలే. ఇవన్నీ నిజంగా అవసరమా, కాగితాల కోసమా?"

అవసరమే. కాగితాల సంగతి చివర్లో చెప్తాను. ఆ కాగితాల్లో ఒక గీత నాది.

గేటు దగ్గరి విమానం ఆగినట్టు కనిపిస్తుంది గానీ నిలకడగా ఉండదు. మనుషులు, సామాను దిగుతుంటే పైకి లేస్తుంది. ఇంధనం, సరుకు ఎక్కుతుంటే కుంగుతుంది. చాక్‌లు, అంటే చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మలు, లేకుండా బ్రేకు వదిలితే దొర్లుతుంది. బరువు ఒకవైపే మిగిలిపోతే తోక మీద కూర్చుంటుంది. అలాంటి దాని చుట్టూ ముప్పావుగంటలో ఇంధనం బండి, ఆహారం తెచ్చే హైలిఫ్ట్, సామాను ఎక్కించే బెల్ట్ లోడర్లు, మంచినీళ్ల బండి, టాయిలెట్ బండి, విమానాన్ని వెనక్కు నెట్టే టగ్ వరుసగా వచ్చి పోతుంటాయి. అందరూ గడియారం చూసుకుంటూనే ఉంటారు. కొత్తవాళ్లకు నేను చెప్పే ప్రమాదాల వరుస: ముందు ఇంజన్, తరువాత తలుపు, తరువాత వాహనం. ఈ మూడింటికన్నా ప్రమాదకరం, వాహనం తాకించి ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి.

ఇరవై రెండేళ్లు ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే ఆవరణలో, గడిపాను. లోడర్‌గా చేరి, పైలట్లతో మాట్లాడే హెడ్‌సెట్ తగిలించుకుని, చివరకు సూపర్‌వైజర్‌నయ్యాను. మీరు విసుక్కుంటున్న ఆ పాఠాలు ఇప్పుడు చెప్తున్నది నాలాంటివాళ్లే. కాబట్టి నా మాటలో కొంత పక్షపాతం ఉంటే ఉండనివ్వండి.

ఇంజన్ ఆగిందో లేదో చెవితో తేల్చకండి

విమానం వీపు మీద, పొట్ట కింద ఎర్రగా మెరిసే బీకన్ లైట్లు ఉంటాయి. అవి వెలుగుతున్నంతసేపు ఇంజన్ తిరుగుతోందనో, తిరగబోతోందనో అర్థం. అవి ఆరాక కూడా హెడ్‌సెట్ మీద ఉన్నవారో, ఆ విమానం బాధ్యత తీసుకున్నవారో రమ్మని సైగ చేసేదాకా ఎవరూ కదలకూడదు. స్విచ్ ఆపగానే ఇంజన్ ఠక్కున ఆగదు, వేగం తగ్గడానికి కొంత సమయం తీసుకుంటుంది.

చెవి ఎందుకు పనికిరాదంటే, చెవులకు మఫ్‌లు పెట్టుకుని ఉంటారు, పక్క గేటులో ఇంకో విమానం మోగుతూ ఉంటుంది. కన్ను కూడా మోసం చేస్తుంది. గాలి వీస్తే ఆగిన ఇంజన్ ఫ్యాన్ కూడా మెల్లగా తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాన్ మధ్యలోని శంకువు మీద తెల్లటి సుడి గీత గీసి ఉంటుంది, గమనించే ఉంటారు. మెల్లగా తిరిగేటప్పుడు ఆ సుడి స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజన్ నిజంగా నడుస్తుంటే అలికినట్టు మసకగా అయిపోతుంది. తెలుసుకోవడానికి ఇది మంచి గుర్తే. అయితే దాని మీద ప్రాణం పెట్టకండి. బీకన్ మీద, సైగ మీద పెట్టండి.

బోయింగ్ 737 లాంటి విమానంలో ఇంజన్ ఊరకే తిరుగుతున్నప్పుడు కూడా ముందువైపు సుమారు 3 మీటర్ల మేర మనిషిని లాక్కునే ప్రాంతం ఉంటుంది. పవర్ పెంచితే అది 4 మీటర్లు దాటుతుంది. వెనక ఊదే గాలి పదుల మీటర్ల దూరం పోతుంది. ఖాళీ కంటైనర్లను, కోన్లను ఎగరగొట్టడానికి అది చాలు.

2022 డిసెంబర్ 31న అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీ విమానాశ్రయంలో, గేటు దగ్గర ఆగి ఉన్న ఎంబ్రేయర్ 175 ఇంజన్‌లోకి ఒక ర్యాంప్ ఉద్యోగిని లాగబడి చనిపోయింది. ఆ విమానంలో ఏపీయూ, అంటే తోకలో ఉండే చిన్న సహాయక ఇంజన్, పనిచేయడం లేదు. బయటి కరెంటు తగిలించేదాకా ఒక ప్రధాన ఇంజన్‌ను నడుపుతూనే ఉంచారు. విమానం రాకముందే సిబ్బందిని సమావేశపరిచి ఆ సంగతి చెప్పారు, హెచ్చరించారు కూడా. అయినా జరిగింది. రోజూ ఒకే క్రమంలో చేసే పనికి కాళ్లు తమంతట తామే నడుస్తాయి. అందుకే "ఈ విమానానికి ఏపీయూ లేదు" అన్న మాట చెవిన పడిన రోజున నేను ఎవరినీ విమానం చుట్టూ గీసిన గీత దాటనిచ్చేవాణ్ని కాదు. బయటి కరెంటు తగిలించే ఒక్క మనిషి తప్ప మిగతా అందరూ దూరంగా ఉండాల్సిందే.

ఒకసారి చాక్‌లు పట్టుకుని ముక్కు చక్రం వైపు పరుగు తీయబోయిన కుర్రవాణ్ని జాకెట్ కాలర్ పట్టి వెనక్కు లాగాను. చాక్‌లు చేతిలోంచి జారి నా కాలి మీద పడ్డాయి. వాడి కోపం వారం రోజులు తగ్గలేదు. నా బొటనవేలి గోరు తిరిగి రావడానికి అంతకన్నా ఎక్కువ కాలం పట్టింది.

పార్కింగ్ బ్రేకు ఉందిగా అనుకోకండి

పార్కింగ్ బ్రేకు నిలిచేది అక్యుమ్యులేటర్ అనే పీడన పాత్రలో దాచిన హైడ్రాలిక్ పీడనం మీద. గంటలు గడిచే కొద్దీ ఆ పీడనం తగ్గవచ్చు. పైగా దిగేటప్పుడు బ్రేకులు బాగా వేడెక్కితే, చాక్‌లు పడ్డాయని తెలియగానే పైలట్ పార్కింగ్ బ్రేకు వదిలేస్తాడు, అవి త్వరగా చల్లబడాలని. అప్పుడు విమానాన్ని ఆపుతున్నది మీరు పెట్టిన చాక్‌లే. కాబట్టి అవి దారికి అడ్డంగా ఉన్నాయని పక్కకు తన్నడం, పక్క గేటుకు కావాలని ఒక జత తీసుకుపోవడం కుదరదు. టగ్ తగిలించాక, హెడ్‌సెట్ మనిషి చెప్పాకే తీయాలి.

ముక్కు చక్రం చాక్‌ను టైరుకు బిగించి కొట్టకండి, చిన్న సందు వదలండి. బరువెక్కాక టైరు అణిగి చాక్‌ను కరుచుకుంటుంది. బయలుదేరే సమయంలో దాన్ని ఊడదీయడానికి సుత్తి వెతుక్కోవాల్సి వస్తుంది.

వేడెక్కిన బ్రేకుల దగ్గరకు ముందు నుంచో వెనక నుంచో వెళ్లాలి, చక్రం పక్క నుంచి కాదు. ఎయిర్‌బస్ ఏ320లో బ్రేకు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే టేకాఫ్‌కే ఒప్పుకోరు. ఇంకా వేడెక్కితే చక్రంలోని ఫ్యూజ్ ప్లగ్ కరిగి టైరులోని నైట్రోజన్‌ను బయటికి వదిలేస్తుంది. ప్లగ్ తన పని తాను చేస్తే సరే. చేయకపోతే పేలుడు దెబ్బ పక్కలకే ఎక్కువగా తగులుతుంది.

తోక మీద కూర్చున్న విమానం

2023 అక్టోబర్‌లో న్యూయార్క్ జాన్ ఎఫ్. కెనెడీ విమానాశ్రయంలో ప్రయాణికులు దిగుతుండగా ఒక ఎయిర్‌బస్ ఏ321 ముక్కు గాలిలోకి లేచి, తోక నేలకు ఆనింది. బరువు మోసే ప్రధాన చక్రాలు మధ్యలో ఉంటాయి. ముందు తలుపు గుండా ముందు వరుసలవాళ్లు దిగిపోతారు. వెనక సామాను గదిలో బరువు అలాగే ఉంటే తక్కెడ వెనక్కు మొగ్గుతుంది. పొడవైన విమానాలకు ఈ గుణం ఎక్కువ.

అందుకే దించేటప్పుడు వెనకది ముందు, ఎక్కించేటప్పుడు ముందుది ముందు. ఈ వరుస తారుమారు చేయడానికి ఎవరు ఏ కారణం చెప్పినా వినకండి, లోడ్ షీట్ (ఎక్కడెంత బరువుందో లెక్క చూపే కాగితం) బాధ్యుడు చెప్తే తప్ప. చేతిలో ఏ పరికరమూ లేకుండా గమనించే మార్గం ఒకటుంది. ముక్కు చక్రం పైన స్ట్రట్‌లో, అంటే చక్రాన్ని మోసే కాలులో, అద్దంలా మెరిసే ఉక్కు భాగం కనిపిస్తుంది. పని మొదలయ్యేటప్పుడు అది ఎంత కనిపిస్తోందో ఒకసారి చూసిపెట్టుకోండి. అది సాగుతూ పోతుంటే పని ఆపించి అరవండి. ప్రతి విమానానికీ అలా చూడటం నాకు అలవాటైపోయింది. ప్రయాణికుడిగా వెళ్లినా ఏరోబ్రిడ్జ్ (టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా నడిచే వంతెన) కిటికీలోంచి అదే చూస్తాను, ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు.

ముక్కు చక్రం మడుచుకుపోయిన ఉదంతం కూడా ఉంది. 2021 జూన్‌లో లండన్ హీత్రూలో స్టాండ్ మీద సరుకు ఎక్కిస్తున్న ఒక బోయింగ్ 787 ముక్కు మీద కూలింది. ఇంజనీర్లు గేర్ (చక్రాల) లీవర్‌ను పైకీ కిందికీ కదిపి ఒక లోపం సందేశాన్ని పోగొట్టాలనుకున్నారు. ఆ సమయంలో చక్రం ముడుచుకోకుండా లాక్ పిన్ పెట్టారు. అయితే పెట్టాల్సిన రంధ్రం పక్కనే అలాంటిదే ఇంకో రంధ్రం ఉంది, పిన్ అందులోకి పోయింది. పిన్‌కు వేలాడే ఎర్ర పట్టీ మాత్రం అన్నీ సరిగ్గా ఉన్నట్టే ఊగుతూ ఉంటుంది. పట్టీ కనిపిస్తోంది గనక పిన్ పడినట్టే అనుకోవద్దని ఇంజనీర్లకు చెప్పేటంతటివాణ్ని నేను కాను. మీకు చెప్పగలిగిందొకటే: ఎవరైనా కాక్‌పిట్‌లో లీవర్లతో, హైడ్రాలిక్స్‌తో పరీక్షలు చేస్తున్నారని తెలిస్తే గేర్ గదుల కింద, రెక్కల వెనక దిగే ఫ్లాప్‌ల కింద నిలబడకండి.

తలుపులు

ర్యాంప్ మీద ఎముకలు విరగ్గొట్టేది ఎక్కువగా ఎత్తు నుంచి పడిపోవడమే. మెట్లో, బ్రిడ్జో, హైలిఫ్టో వెళ్లిపోయింది, తలుపు తెరిచే ఉంది, లోపలివాళ్లకు అది తెలియదు. ఏ320 తలుపు గడప నేల నుంచి దాదాపు మూడున్నర మీటర్లు. కింద ఉన్నది కాంక్రీటు. తలుపు మూసుకునేదాకా మెట్లు కదలకూడదు. మెట్లు ఆనేదాకా తలుపు తెరవకూడదు. అడ్డంగా కట్టే పట్టీ హెచ్చరిక మాత్రమే, మనిషి బరువును ఆపేది కాదు.

తెరిచేముందు కిటికీలోంచి చూడండి. 737లో స్లయిడ్, అంటే అత్యవసరంగా దిగే జారుడు బల్ల, ఆర్మ్ అయి (తలుపు తెరవగానే ఉబ్బేలా సిద్ధంగా) ఉంటే కిటికీకి అడ్డంగా ఎర్ర పట్టీ కనిపిస్తుంది. అది ఉండగా బయటి నుంచి తెరిస్తే కొద్ది సెకన్లలో స్లయిడ్ మీ మీదికి ఉబ్బుకొస్తుంది. ఏ320లో బయటి నుంచి తెరిస్తే స్లయిడ్ దానంతటదే డిజార్మ్ అవుతుంది. ఆ అలవాటుతో 737 దగ్గరకు వెళ్లినవాళ్లే ఎక్కువగా తప్పు చేస్తారు. ఏ320 తలుపు కిటికీలో ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటుంటే లోపల పీడనం ఇంకా మిగిలి ఉందని అర్థం. ముట్టుకోవద్దు. 2000 నవంబర్‌లో మయామీలో నేల మీద ఒక ఏ300 నుంచి ప్రయాణికులను అత్యవసరంగా దించబోతుండగా, లోపల పీడనం పోలేదు, తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. దాన్ని తీస్తున్న క్యాబిన్ సిబ్బంది బయటికి విసిరివేయబడి ప్రాణం కోల్పోయాడు.

ఏరోబ్రిడ్జ్ గురించి ఒక్క ముక్క. విమానం కుంగేటప్పుడు బ్రిడ్జ్ కూడా దానితోపాటు దిగాలి. ఆ పని ఆటోలెవలర్ చక్రం చేస్తుంది. అది పనిచేయకపోతే తెరిచి ఉన్న తలుపు అంచు బ్రిడ్జ్ నేల మీద ఆనుతుంది. అందుకే తలుపు కింద సేఫ్టీ షూ అనే చిన్న పెట్టె పెడతారు. తలుపు దాన్ని నొక్కగానే బ్రిడ్జ్ కిందికి దిగుతుంది. దారికి అడ్డమని ఆ షూను మూలకు నెట్టేసిన ఒక రాత్రి, ఇంధనం ఎక్కుతుండగా తలుపు కీలు దగ్గర కీచుమన్న చప్పుడు నాకింకా గుర్తుంది. ఆ విమానం ఆ రాత్రి కదలలేదు.

ఇంధనం, మెరుపులు, తొడుగులు

వీటిని త్వరగా ముగిస్తాను. ఇంధనం ఎక్కేటప్పుడు రెక్కల్లోని వెంట్‌ల (ట్యాంకు గాలి బయటికి పోయే రంధ్రాల) చుట్టూ కనీసం 3 మీటర్ల మేర నిప్పురవ్వ పుట్టించే పని ఏదీ వద్దు. బౌజర్ (ఇంధనం బండి) తీగ విమానానికి తగిలించాలి, బౌజర్ ముందుకు వెళ్లిపోయే దారిలో ఇంకో బండి నిలపకూడదు. మెరుపుల హెచ్చరిక వస్తే ర్యాంప్ ఖాళీ చేయాలి. అందరికన్నా ముందు వైరు హెడ్‌సెట్ ఊడదీయాలి, ఎందుకంటే ఆ వైరు చివర ఉన్నది మీ తల.

తొడుగులను మాత్రం లెక్కపెట్టండి. 2018 జూలైలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి ఒక ఏ330, గాలి వేగం కొలిచే పిటాట్ గొట్టాలకు తొడుగులతోనే టేకాఫ్ అయింది. వేగం చూపించే పరికరాలు పనిచేయలేదు, ఎలాగో క్షేమంగా తిరిగి దిగింది. అక్కడ కందిరీగలు గొట్టాల్లో మట్టిగూళ్లు కడతాయి గనక ఆగిన కొద్దిసేపటికే తొడుగులు వేస్తారు. అంటే భద్రత కోసం వేసిన తొడుగే ప్రమాదమైంది. ఎన్ని వేశామో, ఎన్ని తీశామో చేతిలో పట్టుకుని చూపించాలి. సామాను గది తలుపు మూసేముందు లోపలికి తొంగిచూడటం కూడా ఈ కోవలోదే. 2015లో సియాటిల్‌లో ఒక లోడర్ సామాను గదిలో నిద్రపోయాడు, విమానం ఎగిరాక లేచి లోపలి నుంచి బాదాడు. విమానం వెనక్కు దిగింది. నవ్వొస్తుంది గానీ, తలుపు మూసినవాడి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి.

వాహనాలు, అసలు విషయం

విమానం దగ్గరకు వచ్చే ప్రతి వాహనం దూరంగానే ఒకసారి ఆగి బ్రేకు పరీక్షించుకోవాలి. ఆపైన మనిషి నడక వేగం, ముందు దారి చూపే మనిషి. ఇది పుస్తకంలో ఉన్న మాట. పుస్తకంలో పెద్దగా కనిపించని కారణం ఇది: బెల్ట్ లోడర్ రబ్బరు బంపర్‌ను మెత్తగా ఆనించినా తప్పే, ఎందుకంటే విమానం తరువాత కుంగుతుంది. మీరు ఆనించినప్పుడు ముద్దు పెట్టినట్టే ఉంటుంది. ఇరవై నిమిషాల తరువాత కొన్ని టన్నుల బరువు ఆ బంపర్ మీద ఆనుకుని ఉంటుంది. అందుకే సందు వదలాలి, లోడింగ్ సాగుతున్నంతసేపు ఆ సందును మళ్లీ మళ్లీ చూడాలి.

ఇప్పుడు 2005 డిసెంబర్ 26. సియాటిల్‌లో ఎండీ-83 రకం విమానానికి సామాను వాహనం తగిలింది. నడిపినవాడు ఎవరికీ చెప్పలేదు. విమానం ఎగిరింది. సుమారు 26,000 అడుగుల ఎత్తులో ఆ చోట పొర చిరిగి దాదాపు 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు రంధ్రం పడింది. లోపలి గాలి బయటికి పోయింది, ఆక్సిజన్ మాస్కులు వేలాడాయి. పైలట్లు వేగంగా కిందికి దించి తిరిగి సియాటిల్‌లోనే దిగారు. ఎవరి ప్రాణమూ పోలేదు. అల్యూమినియం కాబట్టి అది నేల మీద ఉండగానే కనిపించగల గాయం. ఇప్పటి 787, ఏ350 ఒళ్లు కార్బన్ మిశ్రమ పదార్థం. దానికి మొద్దు దెబ్బ తగిలితే పైన రంగు కూడా చెదరకుండా లోపల పొరలు విడిపోవచ్చు. గీత లేదు కదా, చెప్పడమెందుకు అనే వాదన ఆ విమానాల దగ్గర బొత్తిగా చెల్లదు. తాకించినవాడికి తప్ప అక్కడ వెతకాలని ఇంకెవరికీ తెలియదు.

నేను చేరిన మూడో ఏడు. వెనక సామాను గది తలుపు దగ్గర బెల్ట్ లోడర్ వెనక్కు తీస్తూ బంపర్ మూలతో తలుపు చట్రం కింద గీరాను. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. దిగి చూశాను. బొటనవేలంత మేర చిన్న పల్లం. చుట్టూ ఎవరూ చూడలేదు. బయలుదేరడానికి పన్నెండు నిమిషాలు ఉంది. బండి పక్కకు పెట్టి, చేతితొడుగులు తీసి మళ్లీ వేసుకున్నాను, మళ్లీ తీశాను. ఉద్యోగం, ఇంటి అద్దె, సూపర్‌వైజర్ ముఖం, అన్నీ గుర్తొచ్చాయి. టగ్ తగిలించారు. చాక్‌లు తీయడానికి ఒకడు వంగుతున్నాడు. అప్పుడు వెళ్లి ఇంజనీరు చొక్కా పట్టుకుని చెప్పాను. ఎందుకు చెప్పానని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. కిటికీలోంచి ఒక పాప చెయ్యి ఊపుతోంది, అంతే.

ఆయన తిట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని, వేలితో తడిమి, పల్లం లోతు కొలిచి, పుస్తకంలో పరిమితులు చూశాడు. గంటన్నర ఆలస్యమైంది. పరిమితి లోపలే ఉందని తేలింది. పైవాళ్లు తిట్టారు, మూడు రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఒకటి మాత్రం చెప్పాలి: తాకించి చెప్పినవాణ్ని శిక్షించే చోట, మరుసటివాడు చెప్పడు. సూపర్‌వైజర్‌నయ్యాక నేను మార్చగలిగింది అదొక్కటే. వచ్చి చెప్పినవాణ్ని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేవాణ్ని. విచారణ తరువాత.

కాగితాల మాట. ప్రతి విమానానికీ దాని ఒంటి మీది పల్లాలన్నీ గుర్తించిన డెంట్ చార్ట్ ఉంటుంది. ఎక్కడ, ఎంత లోతు, ఎవరు చూశారు, ఏ తేదీన. నా పల్లం అందులోకి ఎక్కింది. ఆరేళ్ల తరువాత అదే విమానం నా గేటుకు వచ్చింది. కొత్తగా చేరిన ఇంజనీరు ఆ చట్రం దగ్గర టార్చి వేసి "ఇది కొత్తదా?" అని కంగారుపడ్డాడు. చార్ట్ తెరిచి, తేదీ చూసి, టార్చి ఆపేశాడు. ఆయన వెళ్లాక ఆ పల్లంలో బొటనవేలు పెట్టి చూశాను. ఇంకా సరిగ్గా సరిపోయింది.